రోగమునకు పేరు పెట్టకముందు



ఈ నెల మన కుటుంబ ఆరోగ్య పుటలో క్షయరోగ నిర్ధారణను గూర్చి మాట్లాడుకుందాము. క్షయకు మందు ఉన్నదని ఇప్పుడు అందరికీ తెలుసు. ఆ మందు ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితమనికూడ చాలామందికి తెలుసు. అయితే మందుకంటె ముందు జరగవలసిన పని ఒకటి ఉన్నది. ఈ మనిషికి వచ్చినది నిజముగా క్షయేనా, క్షయ అయితే ఏ మందుకు లొంగే క్షయ అన్నది తేల్చుకొనుట. ఆ పని సరిగా జరగనప్పుడు రెండు విధములైన నష్టములు జరుగుతాయి. క్షయ ఉన్నవాడు మామూలు దగ్గే అనుకొని ఇంటిల్లిపాదికీ అంటిస్తూ తిరుగుతాడు. క్షయ లేనివాడు ఆ పేరు మోసి, అవసరము లేని మాత్రలు నెలల తరబడి మింగుతాడు. వల్లూరు చుట్టుప్రక్కల గ్రామములలో సేవ చేస్తూ ఈ రెండు నష్టములనూ మేము చూచాము. అందుకే ఈ మాటలు వ్రాస్తున్నాము.

లేవీయకాండము పదమూడవ అధ్యాయము చదివినప్పుడు మనలో చాలామంది త్వరత్వరగా దాటిపోతాము. మచ్చలు, వాపులు, వెండ్రుకల రంగు, ఇవన్నీ మనకెందుకులే అనుకుంటాము. కాని అక్కడ యాజకునికి ఇచ్చిన ఆజ్ఞను నిదానముగా చూడండి. చర్మముమీద మచ్చ కనబడిన వెంటనే ఆ మనిషిని అపవిత్రుడని ప్రకటించమని దేవుడు చెప్పలేదు. సందేహముంటే ఏడు దినములు ఆగి మరల చూడాలి. అప్పటికీ తేలకపోతే మరి ఏడు దినములు ఆగి మరల చూడాలి. ఒక మనిషిమీద రోగమను పేరు వేయుట అంత బరువైన పని. ఆ పేరువలన అతడు ఇల్లు విడిచి పాళెము వెలుపలికి పోవలసివస్తుంది. కనుక చూడకుండ, ఆగకుండ, తేల్చుకొనకుండ పేరు పెట్టకూడదు.

నేటి దినములలో ఆ చూచే పని ప్రయోగశాలలో జరుగుతున్నది.

ప్రయోగశాలలో ఏమి చూస్తారు?

1882 మార్చి 24న బెర్లిన్ నగరములో రాబర్ట్ కోహ్ అను జర్మను వైద్యుడు క్షయకు కారణము ఒక సూక్ష్మక్రిమి అని ఋజువు చేసి చూపించాడు. అంతకుముందు అది వంశపారంపర్యమని, శాపమని, బలహీనతవలన వచ్చేదని రకరకాలుగా అనుకునేవారు. ప్రతి సంవత్సరము మార్చి 24న క్షయ దినము జరుపుకొనేది అందుకే.

ఈ క్రిమికి ఒక ప్రత్యేకత ఉన్నది. దాని ఒంటిపైన మైనమువంటి పొర ఉంటుంది. మామూలు రంగులు దానికి సులభముగా పట్టవు. పట్టించిన రంగు సులభముగా పోదు. ఈ గుణమును ఆధారము చేసుకొని జీల్, నీల్సన్ అను ఇద్దరు జర్మను శాస్త్రజ్ఞులు చూపిన పద్ధతినే నేటికీ మన ప్రాథమిక ఆరోగ్య కేంద్రములలో చూడవచ్చు. తెమడను గాజు పలకమీద పలుచగా పూస్తారు. ఎర్రని కార్బోల్ ఫ్యూక్సిన్ రంగు పోసి, ఆవిరి లేచేవరకు క్రింద వేడి చూపుతారు. తరువాత ఆసిడ్ పోసి కడుగుతారు. మిగిలిన క్రిములు, కణములు అన్నీ రంగు విడిచిపెడతాయి. క్షయ క్రిమి మాత్రము విడువదు. చివరకు నీలి రంగు పోస్తారు. సూక్ష్మదర్శినిలో చూస్తే నీలి నేలమీద సన్నని ఎర్రని పుల్లలవలె అవి కనబడతాయి.

వినుటకు ఇది చిన్న పనివలె ఉంటుంది. కాని ఇందులో ఎంత జాగ్రత్త కావాలో చూడండి. క్రిములు లేవని వ్రాయుటకుముందు టెక్నీషియను కనీసము నూరు చోట్ల జరిపి జరిపి చూడాలి. ఒకసారి వాడిన గాజు పలకను కడిగి మరల వాడితే పాత రోగి క్రిమి కొత్త రోగి లెక్కలోనికి వస్తుంది. కుళాయి నీళ్ళలో ఉండే వేరే క్రిములు పలకమీదికి చేరి మోసము చేయవచ్చు. అందుకే ప్రభుత్వ కార్యక్రమములో చూచిన పలకలను దాచిపెట్టి, వాటిలో కొన్నిటిని పై అధికారి మరల చూస్తాడు. ఒకడు చూచినదానిని మరియొకడు సరిచూచుట అను ఏర్పాటు మంచిది. ఒక్క సాక్షి మాటమీదనే ఏ సంగతినీ స్థిరపరచవద్దని ధర్మశాస్త్రము చెప్పిన నియమమునకు ఇది దగ్గరగా ఉన్నది.

అయితే ఈ పరీక్షకు ఒక హద్దు ఉన్నది. ఒక మిల్లీలీటరు తెమడలో అయిదువేల నుండి పదివేల క్రిములైనా ఉంటేనే అవి సూక్ష్మదర్శినికి దొరుకుతాయి. అంతకు తక్కువ ఉంటే లేవనే వస్తుంది. చిన్న పిల్లలలో, హెచ్.ఐ.వి. ఉన్నవారిలో క్రిములు తక్కువగా ఉండుట సహజము. కనుక ఒకసారి లేవని వచ్చినంతమాత్రమున రోగము లేదని కాదు.

దీనికంటె పదునైన పరీక్ష క్రిమిని పెంచి చూచుట. దీనిని కల్చర్ అంటారు. కోడిగ్రుడ్డు కలిపి తయారుచేసిన పచ్చని ఆహారముమీద తెమడను వేసి వెచ్చగా ఉంచుతారు. మామూలు క్రిములు ఇరవై నిమిషములకు ఒకసారి రెండింతలైతే, క్షయ క్రిమికి పదిహేను నుండి ఇరవై గంటలు పడుతుంది. కనుక ఫలితము రావడానికి ఆరు నుండి ఎనిమిది వారములు ఆగాలి. ద్రవ రూపములోని ఆహారములో అయితే చాలా నమూనాలకు రెండు మూడు వారములలో తెలుస్తుంది. లేదని చెప్పుటకు మాత్రము ఆరు వారములు చూస్తారు. యాజకుడు ఏడు దినములు, మరి ఏడు దినములు ఆగినట్టే ఇక్కడకూడ ఓపిక పట్టాలి.

ఆగలేని రోగి కొరకు మరియొక మార్గము వచ్చినది. క్రిమి లోపలి జన్యు పదార్థమును యంత్రములో వెదకే పరీక్ష ఇది. సి.బి.నాట్ అంటారు. 2010 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీనిని సిఫారసు చేసింది. రెండు గంటలలో రెండు సంగతులు చెబుతుంది: క్షయ క్రిమి ఉన్నదా లేదా, ఉంటే అది రిఫాంపిసిన్ అను ముఖ్యమైన మందుకు లొంగుతుందా లేదా. గోవాలోని ఒక సంస్థ తయారుచేసిన ట్రూనాట్ అను యంత్రముకూడ ఇదే పని చేస్తుంది. అది చిన్నది, బ్యాటరీతో నడుస్తుంది, కనుక చిన్న ఆసుపత్రులకుకూడ చేరింది. దానిని 2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమోదించింది. దొరికిన చోటనెల్ల ఈ విధమైన పరీక్షనే మొదటి పరీక్షగా చేయాలని మన జాతీయ క్షయ నిర్మూలన కార్యక్రమము చెబుతున్నది. కనుక తెమడ ఇచ్చేటప్పుడు, “సి.బి.నాట్‌కు గాని ట్రూనాట్‌కు గాని పంపుతారా అయ్యా?” అని అడుగుటకు వెనుకాడవద్దు.

ఈ యంత్రమునకుకూడ ఒక లోపము ఉన్నది. చచ్చిన క్రిమికీ బ్రదికిన క్రిమికీ తేడా దానికి తెలియదు. పూర్వము క్షయ వచ్చి నయమైనవారిలో మిగిలిపోయిన చచ్చిన క్రిములను చూచి ఉన్నదని చెప్పవచ్చు. కనుక మందు వాడేవారికి నయమవుతున్నదో లేదో చూచుటకు దానిని వాడరు. అందుకు పాత పద్ధతి తెమడ పరీక్ష, కల్చర్ ఇవే తగినవి. పూర్వము ఒకసారి మందు వాడినవారు ఆ సంగతి దాచకుండ డాక్టరుగారికి చెప్పాలి.

డబ్బీలో ఏమి ఇస్తున్నాము?

ఎంత మంచి యంత్రమైనా మనము ఇచ్చినదానినే చూస్తుంది. ఆసుపత్రిలో డబ్బీ ఇస్తే సిగ్గుపడి నోటిలోని ఉమ్మి రెండు చుక్కలు వేసి వచ్చేవారు మనలో ఎందరో! ఉమ్మిలో క్షయ క్రిమి దొరకదు. పరీక్ష తప్పు చేసినదని తరువాత అంటాము. తెమడ ఎలాగు ఇవ్వాలో తల్లులు గుర్తుంచుకొని ఇంటిలో పెద్దలకు చెప్పండి.

రెండు నమూనాలు ఇవ్వాలి. ఒకటి ఆసుపత్రికి వెళ్ళినప్పుడే. రెండవది మరునాడు ప్రొద్దున లేచిన వెంటనే, ఏమీ తినకముందు. నోరు వట్టి నీళ్ళతో పుక్కిలించాలి. ఇంటి లోపల కాక ఆరుబయట, మనుష్యులకు దూరముగా నిలబడాలి. రెండు మూడుసార్లు గట్టిగా ఊపిరి పీల్చి, రొమ్ము అడుగునుండి దగ్గి, వచ్చిన చిక్కని తెమడను డబ్బీలో వేయాలి. ఒక చిన్న చెంచాడు ఉంటే చాలు. డబ్బీ బయట అంటకుండ మూత బిగించి, ఎండలో పెట్టకుండ అదే దినము అప్పగించాలి. తెమడ రాని వారికి ఆసుపత్రిలో ఉప్పునీటి ఆవిరి పట్టి రప్పిస్తారు. చిన్న బిడ్డలు ఉమ్మి వేయలేరు, మింగివేస్తారు. వారికి ప్రొద్దుననే పరగడుపున సన్నని గొట్టముద్వారా కడుపులోనుండి నమూనా తీస్తారు. చూచుటకు కష్టముగా ఉన్నా, తల్లి వద్దనకూడదు.

ఋజువు కానివాటిని ఋజువు అనుకొనవద్దు

ఎక్స్‌రే చాలా ఉపయోగకరమైనది. ఎవరికి తెమడ పరీక్ష తప్పక చేయాలో అది చూపుతుంది. కాని ఎక్స్‌రేలో కనబడేది నీడ మాత్రమే. న్యుమోనియా, పాత మచ్చ, క్యాన్సరు, రాతి దుమ్ము, వీటన్నిటి నీడలూ క్షయ నీడను పోలియుండవచ్చు. చేతిమీద సూది వేసి రెండు మూడు దినముల తరువాత వాపు కొలిచే మాంటూ పరీక్ష, క్రిమి ఎప్పుడో ఒకప్పుడు ఒంటిలో ప్రవేశించినదని చెప్పగలదు గాని, ఇప్పుడు రోగము ఉన్నదని చెప్పలేదు. మన దేశములో క్రిమి ఒంటిలో నిద్రించుచున్నవారు కోట్లమంది ఉన్నారు. వారిలో అధికులు జీవితాంతము రోగులు కారు.

రక్తము తీసి క్షయకు విరుగుడు పదార్థములు ఉన్నవా అని చూచే పరీక్ష ఒకప్పుడు ప్రైవేటు ల్యాబులలో విరివిగా చేసేవారు. అది ఉన్నవానికి లేదని, లేనివానికి ఉన్నదని చెప్పేది. 2011 జూలైలో ప్రపంచ ఆరోగ్య సంస్థ దానిని వాడవద్దని చెప్పింది. 2012 జూన్‌లో మన ప్రభుత్వము దాని దిగుమతి, తయారీ, అమ్మకము నిషేధించింది. క్షయకు అటువంటి రక్త పరీక్ష చేస్తామని నేడు ఎవరైనా అంటే నమస్కరించి బయటికి రండి.

మరియొక హెచ్చరిక. దగ్గు అనగానే లివోఫ్లాక్సాసిన్ వంటి మాత్రలు మెడికల్ షాపులో అడిగి తెచ్చుకొనుట మన ప్రాంతములో ఎక్కువైనది. ఈ మందు క్షయ క్రిమిని చంపీ చంపకుండ కొన్ని దినములు అణచుతుంది. దగ్గు తగ్గినట్టు ఉంటుంది, పరీక్షలో క్రిమి దొరకదు, కొన్ని వారములకు రోగము మరల లేస్తుంది. ఈలోగా క్రిమి ఆ మందుకు అలవాటు పడవచ్చు. రెండు వారములు మించిన దగ్గుకు మొదట తెమడ పరీక్ష చేయించుకోవాలి, మాత్ర సంగతి ఆ తరువాత.

రాతి దుమ్మా, క్షయా?

మన కడప జిల్లాకు ప్రత్యేకమైన సంగతి ఒకటి చెప్పాలి. కమలాపురము దాటి ఎర్రగుంట్ల, జమ్మలమడుగు వైపు వెళితే రాతి గనులు, బండలు కోసే ఫ్యాక్టరీలు, క్రషర్లు, సిమెంటు ఫ్యాక్టరీలు కనబడతాయి. అక్కడి కూలితో బ్రదికే కుటుంబములు మన సంఘములలో చాలా ఉన్నాయి. సిలికా కలిసిన రాతి దుమ్మును ఏండ్ల తరబడి పీలిస్తే ఊపిరితిత్తులు గట్టిపడి సిలికోసిస్ అను రోగము వస్తుంది. దగ్గు, ఆయాసము, బరువు తగ్గుట, ఎక్స్‌రేలో మచ్చలు, అన్నీ క్షయవలెనే ఉంటాయి. పైగా సిలికోసిస్ ఉన్నవారికి క్షయ వచ్చే అవకాశము ఇతరులకంటె ఎక్కువ. కనుక ఒక దానిని చూచి మరియొకటి లేదనుటకూ వీలు లేదు.

మా ఎరుకలో రాయికి డ్రిల్లింగు చేసే పనికి వెళ్ళిన సహోదరుడు ఒకాయన ఉన్నారు. ఎక్స్‌రే చూచి ఒక ప్రైవేటు వైద్యుడు క్షయ అన్నాడు. ఆరు నెలలు మాత్రలు మింగారు. ఆయాసము తగ్గలేదు. ఇంకొకచోటికి వెళితే మరల క్షయ అని మరల మొదలుపెట్టారు. ఈ మధ్యలో ఎవరూ తెమడ అడుగలేదు. ఇంటిలో ఆయన పళ్ళెము, లోటా వేరుచేశారు. మనుమడిని ఎత్తుకొననీయలేదు. కూతురి సంబంధము కుదిరినట్టే కుదిరి, ఈ మాట చెవినిపడి, వెనుకకు పోయింది. చివరకు పెద్దాసుపత్రిలో తెమడ, కల్చర్ అన్నీ చూచి క్షయ క్రిమి లేదన్నారు. ఆయన చేసిన పని ఏమిటని ఆ డాక్టరుగారు అడిగారు. “అంతవరకు నన్ను ఆ మాట ఎవరూ అడగలేదు అయ్యగారూ” అని ఆయన మాతో అన్నారు.

సిలికోసిస్‌ను నయము చేసే మందు లేదు. అయినా పేరు సరిగా తెలియుటవలన ఆయనకు మేలు జరిగింది. దుమ్ములోనికి పోవుట మానివేశారు. మనుమడు ఒడిలోనికి వచ్చాడు. ఇంకొక మాట: కార్మిక చట్టములు దీనిని వృత్తివలన వచ్చే రోగముగా గుర్తించి నష్టపరిహారమునకు దారి చూపాయి. రోగమునకు తప్పు పేరు పెడితే కూలివాని ఆ హక్కుకూడ పోతుంది. గనిలో, క్రషరులో పనిచేసిన ప్రతి సహోదరుడు ఆ సంగతి డాక్టరుగారితో తానే చెప్పాలి.

గడ్డ కోసినప్పుడు

క్షయ ఊపిరితిత్తులకే కాదు, మెడ గ్రంథులకు, ఎముకలకు, పొట్టకు, గర్భసంచికి, మెదడు పొరలకుకూడ వస్తుంది. అక్కడ తెమడ ఉండదు. సూదితో నీరు గాని, చిన్న ముక్క గాని తీసి పంపాలి. ఇక్కడ చాలామందికి తెలియని చిన్న సంగతి ఒకటి ఉన్నది. దానిపైన మనిషి భవిష్యత్తు ఆధారపడియుంటుంది.

తీసిన ముక్కను సాధారణముగా ఫార్మలిన్ మందులో వేస్తారు. కణముల ఆకారము చూచుటకు అది సరియే. కాని ఫార్మలిన్ క్రిములను చంపివేస్తుంది. దానితో కల్చర్ చేయుటకు వీలుండదు. జన్యు పరీక్షకుకూడ అది పనికిరాదు. అప్పుడు రిపోర్టులో క్షయవలె ఉన్నదని వస్తుందే గాని, ఏ మందుకు లొంగే క్షయ అన్నది తెలియదు. అందుచేత ముక్కలో కొంత భాగమును ఫార్మలిన్ లేకుండ, శుభ్రమైన సెలైన్‌లో ఉంచి సి.బి.నాట్‌కు, కల్చర్‌కు పంపాలి.

ఒక యౌవనస్థురాలైన తల్లికి మెడమీద గడ్డ లేచింది. ఒకచోట కోసి తీశారు, మొత్తము ఫార్మలిన్‌లో వేశారు. క్షయ అని మందు ఇచ్చారు. ఆమె ఒక్క దినమైనా తప్పక మింగింది. అయిదు నెలలైనా ప్రక్కన మరల గడ్డలు లేచాయి. ఉపవాస ప్రార్థనకు వచ్చినప్పుడు, “అయ్యగారూ, నా విశ్వాసమే తక్కువేమో” అని ఏడ్చింది. అమ్మా, నీ విశ్వాసమును గూర్చి తరువాత మాట్లాడుదము, ముందు ఆ గడ్డను సరిగా పరీక్ష చేయించుదము అని చెప్పాము. ఈసారి సూదితో తీసిన చీమును నేరుగా యంత్రములో పెట్టారు. రిఫాంపిసిన్‌కు లొంగని క్రిమి అని తేలింది. మందులు మార్చారు. అయిదు నెలల తరువాత తెలిసిన ఈ మాట మొదటి దినమే తెలియవలసినది. ఆమె తన విశ్వాసమును నిందించుకొనవలసిన అవసరమే లేదు.

ఇటువంటి మొండి క్షయకు ఒకప్పుడు రెండు సంవత్సరముల దాకా, సూదులతో సహా చికిత్స ఉండేది. ఇప్పుడు తగిన రోగులకు ఆరు నెలలలో ముగిసే నాలుగు మందుల చికిత్సను మన ఆరోగ్య శాఖ 2024 సెప్టెంబరులో ఆమోదించింది. కాని అది ఎవరికి తగునో చెప్పవలసినది ప్రయోగశాలయే.

క్షయ కాని క్షయ బంధువులు

క్షయ క్రిమికి బంధువులు చాలా ఉన్నాయి. మట్టిలో, నీళ్ళలో, గొట్టములలో ఉండే ఈ క్రిములకుకూడ మైనపు పొర ఉంటుంది. రంగు వేస్తే అవీ ఎర్రగానే కనబడతాయి. పాత ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవారిలో ఇవి క్షయవంటి రోగమును కలుగజేస్తాయి. తెమడలో ఎర్రని క్రిములు ఉన్నవని, సి.బి.నాట్‌లో క్షయ లేదని వస్తే వైద్యులు వీటిని అనుమానించాలి. కల్చర్‌లో పెంచి ఏ క్రిమియో గుర్తుపట్టాలి. వీటికి వాడే మందులు వేరు. చాలావరకు ఇవి మనిషినుండి మనిషికి అంటవు. కనుక అటువంటివానిని వేరు పెట్టుట అన్యాయము.

సూది వేసిన చోట గాని, ఆపరేషను కుట్ల దగ్గర గాని నెలల తరబడి మానని పుండు, చీము గడ్డ ఉంటేకూడ ఈ బంధువులలో కొన్ని కారణము కావచ్చు. శుభ్రము చేయని నీటితో కడిగిన పనిముట్లవలన ఇవి లోపలికి చేరతాయి. మామూలు మందులకు లొంగవు, క్షయ మాత్రలకూ చాలావరకు లొంగవు. చీమును కల్చర్‌కు పంపించమని అడగాలి. పాడి పశువుల క్షయ పచ్చిపాలద్వారా మనుష్యులకు రావచ్చు. పాలు బాగుగా కాచి త్రాగండి.

కుష్ఠు క్రిమికూడ ఈ కుటుంబములోనిదే. 1873లో నార్వే దేశములో హాన్సెన్ అను వైద్యుడు దానిని కనుగొన్నాడు. నేటికీ దానిని ప్రయోగశాల ఆహారముమీద పెంచలేకున్నారు. స్పర్శ లేని మచ్చ, ఉబ్బిన నరము, చర్మమునుండి గీసి తీసిన ద్రవములోని క్రిములు, వీటిచేతనే గుర్తుపడతారు. స్పర్శ ఉన్న ప్రతి తెల్లమచ్చనూ చూచి కుష్ఠు అని చెవులు కొరుక్కొనవద్దు.

మన సీమ నేర్పిన పాఠము

ఇవన్నీ ఎక్కడో విదేశములలోని సంగతులు కావు. మన రాయలసీమలోనే మదనపల్లె దగ్గర ఆరోగ్యవరములో అనేక మిషనులు కలిసి క్షయరోగుల కొరకు యూనియన్ మిషన్ శానటోరియమును కట్టి నూరేండ్లు దాటింది. అప్పటికి క్షయను చంపే మందు లేదు. మంచి గాలి, మంచి ఆహారము, విశ్రాంతి, ఇవే మందు. డెన్మార్కు దేశస్థులైన డాక్టర్ క్రిస్టియన్ ఫ్రిమాట్ మోలర్ దానిని నడిపించారు. మన దేశములో బి.సి.జి. టీకా 1948లో మొదలైనప్పుడు ఆ మొదటి చోట్లలో మదనపల్లె ఒకటి. 1950 నుండి 1955 వరకు డాక్టర్ యోహన్నెస్ ఫ్రిమాట్ మోలర్ ఆధ్వర్యములో ఆ చుట్టుప్రక్కల గ్రామములలో జనులను పరీక్షించి, క్షయ ఎంతమందికి ఉన్నదో లెక్క తీశారు. ఊహలు విడిచి పల్లె పల్లెకు వెళ్ళి చూచిన పని అది.

అటు తరువాత బెంగుళూరులోని జాతీయ క్షయ సంస్థవారు తుముకూరు జిల్లాలో ఒక సంగతి కనుగొని 1963లో ప్రచురించారు. పల్లెటూరివారు మూఢులు, ఆసుపత్రికి రారు అని అందరూ అనుకునేవారు. విచారిస్తే క్షయ ఉన్నవారిలో సుమారు సగముమంది అప్పటికే ఆసుపత్రి గడప తొక్కారు. వారికి దగ్గు మందు సీసా ఇచ్చి పంపివేశారు! వారు వచ్చారు, తెమడ చూచినవారు లేరు. అరువది ఏండ్లు దాటినా ఈ మాట మన మనస్సాక్షిని గుచ్చుతున్నది.

మన కుటుంబములు చేయవలసినది

రెండు వారములకు మించిన దగ్గు, సాయంకాలపు జ్వరము, రాత్రి చెమటలు, బరువు తగ్గుట, తెమడలో రక్తము, వీటిలో ఏది ఉన్నా దగ్గరలోని ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్ళి తెమడ ఇవ్వండి. పరీక్ష, మందు రెండూ ఉచితము. క్షయ అని తేలితే షుగరు, హెచ్.ఐ.వి. పరీక్షలుకూడ చేయించుకోండి. పోషణ కొరకు 2018 నుండి నెలకు అయిదు వందల రూపాయలు ఇచ్చేవారు. 2024 నవంబరు నుండి దానిని వెయ్యి చేశారు. సందేహములకు 1800-11-6666 నంబరుకు ఫోను చేయవచ్చు, ఖర్చు లేదు.

ప్రైవేటు వైద్యుడు క్షయ మందు వ్రాస్తే గౌరవముగా ఒక మాట అడగండి: “డాక్టరుగారూ, క్రిమి దొరికిందా? ఏ పరీక్షలో?” మంచి వైద్యుడు కోపపడడు. కొన్నిసార్లు, ముఖ్యముగా పిల్లలలో, మెదడు పొరల క్షయలో, ఎంత వెదకినా క్రిమి దొరకదు. ఆలస్యమైతే ప్రాణము పోవచ్చు గనుక వైద్యుడు ఆలోచించి మందు మొదలుపెడతాడు. అది తప్పు కాదు. వెదకిన తరువాత దొరకకపోవుట వేరు, అసలు వెదకకపోవుట వేరు.

సంఘ పెద్దలకు ఒక మనవి. ఒకరి రోగము పేరు ప్రార్థనా విన్నపముగా అందరిముందు చదువవద్దు. వారు అనుమతిస్తేనే చెప్పండి. ప్రార్థన చేయండి, ఆసుపత్రికి తోడుగా వెళ్ళండి. ఈ రెండు ఒకదానికొకటి విరోధము కాదు.

చికిత్స ముగిసినప్పుడు ఒళ్ళు తేరుకొన్నది గదా అని చివరి పరీక్ష మానివేయకండి. రెండవ నెల చివర, ఆరవ నెల చివర తెమడ ఇచ్చి క్రిమి పోయినదని కాగితము తీసుకోండి. లూకా సువార్తలో యేసుప్రభువు పదిమంది కుష్ఠరోగులను వెళ్ళి యాజకులకు కనుపరచుకొనమన్నారు. స్వస్థపరచువాడే పరీక్షను వద్దనలేదు. చూచి నిర్ధారించిన మాట ఉంటేనే ఆ పదిమంది మరల ఊరిలోనికి, ఇంటిలోనికి, పంక్తిలోనికి రాగలరని ఆయనకు తెలుసు. ఈ దినమున మన యిండ్లలో దూరముగా పెట్టబడిన పళ్ళెములు ఎన్ని ఉన్నవో దేవునికి తెలుసు. వాటిలో కొన్ని ఒక్క తెమడ డబ్బీతో పంక్తిలోనికి తిరిగి రావచ్చు.

దగ్గుతున్నవారు మీ ఇంటిలో ఉంటే రేపు ప్రొద్దుననే బయలుదేరండి. ప్రభువు మీకు తోడైయుండును గాక.